సలి దిక్కు వేరు, తేమ దిక్కు వేరు: మన సలికాలం అంచనా ఎట్ల చదవాలె

నవంబర్ ఆఖరు పడ్డదంటే మన ఫోన్లల్ల రెండు తీర్ల ముచ్చట్లు తిరుగుతయి. ఒకటి, వాతావరణ శాఖ ఇచ్చే సలికాలం అంచనా. ఇంకోటి, ‘మన దగ్గర మంచు కురిసింది, కశ్మీర్ లెక్కనే ఉన్నది’ అనే వీడియో. మొదటిది చదివేటోళ్లు తక్కువ, రెండోది ఫార్వర్డ్ చేసేటోళ్లు ఎక్కువ. కానీ యాసంగి నారు పోసిన రైతుకు, కల్లంల మిర్చి ఆరబోసిన ఇంటికి, హాస్టల్‌ల నేల మీద పండుకునే పిల్లగానికి పనికొచ్చేది మొదటిదే. అందుకే ఆ అంచనాల ఏముంటది, వాన, గడ్డ, మంచు ఈ మూడు మన దిక్కు ఎట్ల వస్తయి, ఏది రాదు, ఎందుకు రాదు అన్నది ఒక్కకాడ రాస్తున్న. దాచి పెట్టుకుంటే ప్రతి ఏడు పనికొస్తది.

‘మంచు’ అన్న మాటల ఐదు సంగతులు

ముందుగాల మాట తేల్చుకుందాం. మనం ‘మంచు’ అని ఒక్క మాట అంటం గానీ అందుల ఐదు వేరే వేరే సంగతులు ఉంటయి.

మొదటిది, పొద్దుగాల గడ్డి మీద ముత్యాల లెక్క కనబడే నీటి చుక్కలు. రాత్రి నేల సల్లబడితే గాలిలోని తేమ దాని మీద చేరుతది. రెండోది, పొగమంచు. అది నేలకు ఆనుకొని ఉన్న మొగులే, వేరేది కాదు. మూడోది, నేల మీద, ఆకుల మీద, బండి సీటు మీద తెల్లగ పేరుకునే గడ్డమంచు. ఆ ఆకు మీది వేడి సున్నా డిగ్రీలకు దిగితేనే అది కడ్తది. నాలుగోది, ఆకాశం నుంచి దూది పింజల లెక్క రాలే మంచు, పుస్తకాల భాషల హిమపాతం. ఐదోది, వడగండ్లు, అంటే మన రాళ్లవాన.

ఈ ఐదింట్ల నాలుగోది ఒక్కటే మన రెండు రాష్ట్రాలల్ల కురవదు. మిగతా నాలుగు వస్తయి. వార్తలల్ల, వీడియోలల్ల గోల్‌మాల్ అయ్యేది ఇక్కడనే. లంబసింగిల కట్టిన గడ్డమంచును ‘హిమపాతం’ అంటరు. రాళ్లవానకు తెల్లబడ్డ చేనును ‘మంచు కురిసింది’ అంటరు. పేరు తప్పితే జాగ్రత్త కూడా తప్పుతది. పొగమంచుకు చేసే పని వేరు, రాళ్లవానకు చేసే పని వేరు.

సలి ఎక్కడికెళ్లి వస్తది

మన సలి ఉత్తరం దిక్కుకెళ్లి వస్తది. దాని వెనుక పెద్ద కథ ఉన్నది. సలికాలంల మధ్యధరా సముద్రం వైపు పుట్టే అలజడులు పడమటికెళ్లి తూర్పుకు నడుసుకుంట ఇరాన్, అఫ్ఘానిస్తాన్ దాటి మన హిమాలయాలకు వస్తయి. వీటినే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటరు. ఇవి కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల మీద మంచు కురిపిస్తయి, పంజాబ్, హర్యానా మైదానంల వాన పోస్తయి. అలజడి దాటిపోయినంక ఆకాశం తేటబడ్తది. అప్పుడు ఆ కొండల దిక్కుకెళ్లి ఎండు సలిగాలి కిందికి జారుతది. మధ్యప్రదేశ్, విదర్భ దాటి తెలంగాణల అడుగు పెడ్తది. అందుకే టీవీల ‘కశ్మీర్‌ల భారీ హిమపాతం’ అని చూసిన కొన్ని రోజులకు చాలాసార్లు మన దగ్గర గొంగళ్లు బయటికి వస్తయి.

ఆ గాలికి మొదలు తగిలేది ఆదిలాబాద్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు. తర్వాత నిర్మల్, కామారెడ్డి, సంగారెడ్డి దిక్కు. హైదరాబాద్‌ల కూడా శేరిలింగంపల్లి, హైదరాబాద్ యూనివర్సిటీ పక్క సలి ఎక్కువ, నగరం నడుమ తక్కువ. సిమెంటు, తారు పగటి వేడిని పట్టుకొని రాత్రి వదులుతయి. చెట్టు, చెరువు, ఖాళీ జాగ ఉన్నకాడ ఆ వేడి ఉండదు.

ఆంధ్రల సలికి పేరుమోసింది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి. సముద్ర మట్టం కంటే సుమారు 1,000 మీటర్ల ఎత్తుల ఉంటది. కిలోమీటరు ఎత్తు ఎక్కితే గాలి సుమారు ఆరు డిగ్రీలు సల్లబడ్తది. పైగా సుట్టూ కొండలు, నడుమ లోయ. సల్లటి గాలి బరువు గనుక రాత్రి లోయలకు దిగి అక్కడనే నిలబడ్తది. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా అంటరు. బయట ఉన్నోడు కొయ్య లెక్క బిగుసుకపోతడని ఆ పేరుకు అర్థం చెప్తరు.

ఇంకో సంగతి. వాతావరణ కేంద్రంల వేడిని కొలిచేది నేల మీద కాదు, మనిషి ఛాతీ ఎత్తుల ఉండే పెట్టెల. గాలి లేని, మొగులు లేని రాత్రి నేల ఆ పెట్టె కంటే మూడు నాలుగు డిగ్రీలు సల్లగ ఉండొచ్చు. అందుకే లెక్కల 3 డిగ్రీలు అని రాసున్నా గడ్డి మీద తెల్లగ గడ్డకట్టి కనబడ్తది. అది అబద్ధం కాదు. కానీ ఆకాశం నుంచి రాలిన మంచు కూడా కాదు.

వాన ఎక్కడికెళ్లి వస్తది

సలికాలం వాన తూర్పుకెళ్లి, బంగాళాఖాతం దిక్కుకెళ్లి వస్తది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. దీని బలం దక్షిణ కోస్తాకు ఎక్కువ. నెల్లూరు దిక్కు నైరుతి కంటే ఈశాన్యంలనే ఎక్కువ వాన పడ్తది. తెలంగాణకు ఇందుల వచ్చేది తక్కువ, అది కూడా ఎక్కువ అక్టోబర్‌లనే పడ్తది. కానీ బంగాళాఖాతంల వాయుగుండం లేసి కోస్తా దాటిందంటే లెక్క మారుతది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన వరి, కోతకొచ్చిన వరి రెండు నీళ్ల పాలైనయి. తెలంగాణల కూడా వాన పడ్డది.

సలికాలం వాన వానకాలం వాన అంత పెద్దగ ఉండదు. కానీ నష్టం మాత్రం పెద్దది, ఎందుకంటే అది పడేది కల్లం మీద. వానకాలంల వాన మొక్కకు పడ్తది, సలికాలంల వాన పంటకు పడ్తది.

మరి హైదరాబాద్‌ల మంచు ఎందుకు కురవదు

నేను చెప్పదలుచుకున్న అసలు ముచ్చట ఇది. మన దగ్గర సలి దిక్కు వేరు, తేమ దిక్కు వేరు. ఉత్తరం గాలి వచ్చిందంటే సలి వస్తది గానీ అది ఎండు గాలి, మొగులు కట్టదు. తూర్పు గాలి వచ్చిందంటే తేమ వస్తది, మొగులు కడ్తది గానీ ఆ మొగులే గొంగడి లెక్క నేల వేడిని కప్పి పెడ్తది. అందుకే మొగులు పట్టిన రాత్రి సలి తగ్గుతది. మంచు కురవాలంటే రెండు ఒక్కసారి ఉండాలె. మన దగ్గర అవి కలవవు.

ఇంకో అడ్డం కూడా ఉన్నది. మన మీద సున్నా డిగ్రీల గీత సలికాలంల కూడా సుమారు నాలుగు, ఐదు కిలోమీటర్ల ఎత్తుల ఉంటది. దాని పైన ఎత్తైన మొగుళ్లల్ల మంచు పింజలు పుడ్తనే ఉంటయి. కిందికి దిగేటప్పుడు ఆ గీత దాటినంక కరిగి చుక్కలైతయి. మనకు పడే వానల కొంత పైన మంచుగ పుట్టిందే, దారిల కరిగింది. ఈ లెక్క తెలిసినోళ్లు ‘చార్మినార్ కాడ మంచు’ అనే వీడియోను ముందుకు పంపరు.

మూడు కలిసి పడే దేశం ముచ్చట

మన ఊర్ల పిల్లలు సదువుకు, కొలువుకు డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ దిక్కు పోతున్నరు. అక్కడ సలి, తేమ రెండు కలుస్తయి. ఉత్తరంకెళ్లి కెనడా సలిగాలి, దక్షిణంకెళ్లి గల్ఫ్ ఆఫ్ మెక్సికో తడిగాలి వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి. పొరలు ఎట్ల ఉన్నయన్న దాన్ని బట్టి పడేది మారుతది. పై నుంచి కింది దాకా సలి ఉంటే మంచు. నడుమ వెచ్చటి పొర ఉండి కింద మందం సలి పొర ఉంటే చుక్కలు దారిలనే మళ్ల గడ్డకట్టి రవ్వల లెక్క రాలుతయి. కింది సలి పొర పలుచగ ఉంటే నీళ్లుగనే పడి, రోడ్డుకు, కరెంటు తీగకు తాకంగనే గడ్డకడ్తది. దీన్నే ఫ్రీజింగ్ రెయిన్ అంటరు. చూస్తే తడి రోడ్డు లెక్కనే ఉంటది, బండి ఎక్కితే అద్దం మీద జారినట్టు జారుతది. మూడింట్ల ఎక్కువ మోసం చేసేది ఇదే.

2021 ఫిబ్రవరిల టెక్సాస్‌ల గిట్లనే సలి, మంచు, గడ్డవాన ఒక్కసారి పడ్డయి. 45 లక్షలకు పైగా ఇండ్లు, దుకాణాలకు కరెంటు పోయింది. ఆ రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది సచ్చిపోయిన్రు. అందుల కొందరు సలికి కాదు, ఇంట్ల వెచ్చదనం కోసం చేసిన పనులకు కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయిన్రు. ఆ ముచ్చట మనకు కూడా వర్తిస్తది, కింద చెప్త. అక్కడున్నోళ్లు రెండు మాటలు గుర్తు పెట్టుకోవాలె: ‘వాచ్’ అంటే వచ్చే అవకాశం ఉన్నదని, ‘వార్నింగ్’ అంటే వస్తున్నది లేకుంటే వచ్చేసిందని.

రాళ్లవాన: వేడిల పుట్టే గడ్డ

మన దగ్గర ఆకాశం నుంచి పడే గడ్డ ఒక్కటే, అది వడగండ్లు. సిత్రం ఏందంటే అది సలి తగ్గి ఎండ ముదిరే యాళ్లకు ఎక్కువ పడ్తది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా జాగ్రత్త. పగటి వేడికి కింది గాలి జోరుగ పైకి లేస్తది, బంగాళాఖాతం తేమ దానికి తోడైతది, పైన ఎండు సల్లగాలి ఉంటది. మొగులు పది కిలోమీటర్లు దాటి లేస్తది. లోపల నీటి చుక్క పైకి కిందికి తిరుగుకుంట పొర మీద పొర కట్టుకొని రాయి అయితది. అంత పెద్ద రాయి నేల దాకా వచ్చేలోపు కరగదు.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిల నేల తెల్లగ కప్పుకపోయింది. ఆ ఫొటోలే కశ్మీర్ పేరుతోని తిరిగినయి. అది మంచు కాదు, వడగండ్లు. ఆ వారం తెలంగాణల మస్తు పంట పోయింది. అప్పటి ప్రభుత్వం ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించింది. రాళ్లవాన మార్చి దాకా ఆగుతదన్న భరోసా కూడా లేదు. 2022 జనవరి రెండో వారంల ఉమ్మడి వరంగల్ జిల్లాల నర్సంపేట, పరకాల దిక్కు పడి మిర్చి తోటలను నేలమట్టం చేసింది.

అంచనా కాయితం చదివే తీరు

భారత వాతావరణ శాఖ ఇచ్చే వాటిని దూరం నుంచి దగ్గరికి ఇట్ల పేర్చుకోవాలె.

సలికాలం మొత్తం అంచనా: డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా లెక్క నవంబర్ ఆఖరు, డిసెంబర్ మొదట్ల వస్తది. ఇందుల ‘ఫలానా తారీఖు సలి’ అని ఉండదు. ‘ఈ ప్రాంతంల రాత్రి వేడి మామూలు కంటే తక్కువ ఉండే అవకాశం ఇంత’ అని ఉంటది. పసిఫిక్ సముద్రం సల్లబడే లానినా ఏడు ఉత్తర భారతంల సలి ఎక్కువ ఉండే మొగ్గు ఉంటది. ఎల్‌నినో ఏడు ఈశాన్య వానలకు మొగ్గు ఉంటది. మొగ్గు అంటే మొగ్గే, మాట ఇచ్చినట్టు కాదు. ఏ పంట వేయాలె, గొంగళ్లు ఎన్ని కొనాలె అన్న ఆలోచనకు ఇది చాలు.

రెండు వారాల అంచనా: ప్రతి గురువారం వస్తది. నారు ఎప్పుడు పోయాలె, మిర్చి ఎప్పుడు ఏరాలె అన్నదానికి ఇది.

జిల్లా అంచనా: రోజూ వస్తది, కొన్ని రోజుల ముందు దాకా రంగులతోని హెచ్చరిక ఉంటది. ఆకుపచ్చ అంటే ఫికరు లేదు. పసుపు అంటే కనిపెట్టుకొని ఉండాలె. నారింజ అంటే తయారుగ ఉండాలె. ఎరుపు అంటే వెంటనే పని మీద దిగాలె.

నౌకాస్ట్: వచ్చే మూడు గంటల ముచ్చట. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు మొగులును చూస్తనే ఉంటయి. రాళ్లవానకు, పిడుగుకు ఇదే దిక్కు. పది రోజుల ముందు ‘మీ ఊర్ల రాళ్లు పడ్తయి’ అని ఎవ్వలన్నా చెప్తే నమ్మకుండ్రి, ఆ సంగతి అంత ముందుగాల ఎవ్వలకు తెల్వదు.

ఫోన్‌ల మౌసమ్ యాప్, రైతుకు మేఘదూత్ యాప్, పిడుగుకు దామిని యాప్ ఉంటే చాలు. జిల్లాల వారీగ పంట సలహాలు ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తయి.

ఏం చేయాలె

నారుమడి: సలికి వరి నారు పసుపు బారుతది, ఎదగదు. రాత్రి పాలిథిన్ షీటు గానీ యూరియా సంచుల పట్టా గానీ కప్పి పొద్దుగాల తీసేయాలె. షీటు నారుకు తాకకుండ కర్రలు పెట్టాలె. మడిల ఉన్న సల్లటి నీళ్లు పొద్దుగాల తీసేసి కొత్త నీళ్లు పెట్టాలె. బోరు నీళ్లు సలికాలంల వెచ్చగ ఉంటయి.

మామిడి: పూత మీద మొగులు, పొగమంచు, తుంపర పడితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు లేస్తయి. మొగులు పట్టినప్పటి నుంచే తోట తిరగాలె.

మిర్చి: కల్లం కాడ టార్పాలిన్ ముందుగాలనే ఉండాలె. పసుపు రంగు హెచ్చరిక పడ్డనాడే కుప్ప చేసి కప్పాలె, చినుకు పడ్డంక ఉరికితే అందదు.

జీవాలు: దూడలకు, మేకపిల్లలకు గోనె సంచి కప్పాలె, కింద ఎండుగడ్డి వేయాలె. మొగులు ఉరిమితే చెట్టు కింద కట్టేయొద్దు.

మనుషులు: కుంపటి, బొగ్గులు తలుపులు మూసిన అర్రల పెట్టుకొని పండుకోవద్దు. టెక్సాస్‌ల ప్రాణాలు తీసిన కార్బన్ మోనాక్సైడే ఇక్కడ కూడా తీస్తది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలనే పోతరు. ముసలోళ్లు, గుండె జబ్బు, దమ్ము ఉన్నోళ్లు మబ్బుల లేసి బయట తిరగకుండ పొద్దెక్కినంక తిరగాలె. పొగమంచుల బండి నడిపేటోళ్లకు: 200 మీటర్ల లోపల మాత్రమే కనబడితే అది దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపలైతే అతి దట్టం. ఆగిన లారీ కనబడెటాళ్లకు బ్రేకు అందదు. గంటసేపు ఆగితే ఎండకు అదే కరుగుతది.

10 డిగ్రీల గీత ఎవ్వల కోసం

ఇప్పుడు నాకు కోపమొచ్చే ముచ్చట. మైదాన ప్రాంతంల ‘శీతల గాలులు’ అని ప్రకటించాలంటే లెక్క ఇది: రాత్రి వేడి 10 డిగ్రీలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలె, అది 30 ఏండ్ల సగటు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలె. లేకుంటే నేరుగ 4 డిగ్రీలకు పడిపోవాలె. అది కూడా ఒక వాతావరణ ఉపవిభాగంల కనీసం రెండు కేంద్రాలల్ల, వరుసగ రెండు రోజులు ఉండాలె. తెలంగాణ మొత్తం ఒకటే ఉపవిభాగం.

శాస్త్రానికి గీత కావాలె, కాదనను. కానీ ఆదిలాబాద్ సగటు 13 అనుకుంటే, అక్కడ 9 డిగ్రీలు పడ్డా తగ్గింది నాలుగే. కాయితం మీద శీతల గాలి లేదు. గూడెంల రేకుల ఇంట్ల, ఇటుక బట్టీ కాడ గుడిసెల, హాస్టల్ బండల మీద పలుచటి దుప్పటి కప్పుకున్న పిల్లగానికి ఆ తేడా ఏం తెలుస్తది? సలి మనిషిని బట్టి కొడ్తది. మందం గోడ, రగ్గు, వేడి నీళ్లు ఉన్నోనికి 9 డిగ్రీలు ముచ్చటే. లేనోనికి 13 డిగ్రీలు కూడా ఆపదే.

ఇందుల పైసల సంగతి కూడా ఉన్నది. వడగండ్లు, శీతల గాలులు రెండు కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాల ఉన్నయి. విపత్తు నిధి సాయం రావాలంటే పంట 33 శాతం గానీ ఎక్కువ గానీ దెబ్బతిన్నట్టు రాయాలె. అందుకే రాళ్లు పడ్డ గంటల తారీఖు కనబడేటట్టు ఫొటో తీసి, ఏఈఓకు చెప్పి, పేరు రాయించుకోవాలె. రెండు రోజులు ఆగితే రాళ్లు కరుగుతయి, సాక్ష్యం కూడా కరుగుతది.

నేను అడిగేది పెద్దది కాదు. తెలంగాణల వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల లెక్కలు చెప్తున్నయి. ఆ అంకెను ప్రతి హాస్టల్ వార్డెన్‌కు, ప్రతి పంచాయతీ కార్యదర్శికి రోజూ పంపాలె. శీతల గాలి ప్రకటన దాకా ఆగకుండ, 15 డిగ్రీలు దాటి కిందికి దిగిన రోజే రగ్గులు, వేడి నీళ్లు, బడి టైం మార్పు షురూ కావాలె. ఈ 15 నా అంకె, వాతావరణ శాఖది కాదు. ఇంకో అంకె మంచిదంటే అదే పెట్టుండ్రి, కానీ ఒక అంకె పెట్టి దానికి పని కట్టుండ్రి.

శివరాత్రికి శివశివా అనుకుంట సలి పోతదని మనోళ్లు అంటరు. అప్పటిదాకా పొద్దుమీకి నిమిషం తీసి మీ మండలం రాత్రి వేడి ఎంతో, గాలి ఏ దిక్కో చూడుండ్రి. ఉత్తరం గాలి, తేట ఆకాశం అంటే నారుమడి కప్పుండ్రి. తూర్పు గాలి, మొగులు అంటే కల్లం కప్పుండ్రి. అది చూసి ఫోన్ లేని ఇంటికి పోయి చెప్పుండ్రి. వీడియో ఫార్వర్డ్ కంటే ఆ ఒక్క కబురు ఎక్కువ పని చేస్తది.